రెండో తరగతిలో తీసివేత లీకు

మా బడిలో రెండో తరగతి ఈ వారం ఏం నేర్చుకోబోతోందో రెండో తరగతి కంటే ముందు రాజధానిలో తెలుస్తుంది. ఇది మంచి పద్ధతే. లేకపోతే పిల్లలు ఎప్పుడు పడితే అప్పుడు, ఏది పడితే అది నేర్చేసుకుంటారు. ఇదివరకు అలాగే జరిగేది. ఒక ఊళ్లో గుణింతాలు వచ్చేసి ఉండేవి, పక్క ఊళ్లో ఇంకా అక్షరాలే దిద్దుతుండేవారు. ఒకే బల్ల మీద ఒకడికి లెక్క వచ్చేది, పక్కవాడికి వచ్చేది కాదు. ఇంత అరాచకాన్ని పైవాళ్లు ఎన్నాళ్లని చూస్తూ ఊరుకుంటారు? అందుకే ఈ ఏడు 'ఒకే వారం – ఒకే పాఠం' అనే పథకం పెట్టారు. దాని ప్రకారం రాష్ట్రంలోని రెండో తరగతి పిల్లలందరికీ ఒక వారంలో ఒకే సంగతి తెలియాలి. అంతకంటే తక్కువ ఎవరికీ తెలియకూడదు. ఎక్కువ అసలే తెలియకూడదు.

సోమవారం ఆ వారం పాఠం వస్తుంది. శనివారం 'ఈ వారం మేం నేర్చుకున్నది' అని చార్టు రాసి, గోడకు అంటించి, దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసి పంపాలి. ఫొటోలో పిల్లల ముఖాల మీద నేర్చుకున్న కళ కనిపించాలని కూడా ఉత్తర్వులో ఉంది.

నేను రెండు, మూడు తరగతులకు చెబుతాను. రెండింటికీ ఒకటే గది. రెండో తరగతి తూర్పు గోడకు తిరిగి కూర్చుంటుంది, మూడో తరగతి పడమటి గోడకు తిరిగి కూర్చుంటుంది. వాళ్ల వీపులూ వీళ్ల వీపులూ ఆనుకుని ఉంటాయి. నేను ఆ పక్కకో పాఠం, ఈ పక్కకో పాఠం చెబుతూ గిరగిరా తిరుగుతుంటాను. మిగతా తరగతులు వరండాలో హెడ్మాస్టారివి. ఆయన ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు కాబట్టి ఈ కథలోకి రారు.

ఆరో వారంలో మా మండల విద్యాశాఖాధికారి దండపాణి గారు తనిఖీకి వచ్చారు. ఆయన మంచినీళ్లు అడగాలన్నా ఆర్డరు వేసినట్టే అడుగుతారు. "దాహ నివారణార్థం ఒక గ్లాసు నీరు తక్షణమే సమకూర్చవలెను" అన్నారు. సమకూర్చాం. తాగి, రెండో తరగతి వైపు తిరిగారు.

"ఎనిమిదికి ఏడు కలిపిన యెడల లభించు మొత్తమెంత?"

"పదిహేనండి" అన్నారు ఎనిమిదిమంది పిల్లలూ ఒక్కసారే. ఆ వారం పాఠం కూడికే.

దండపాణి గారు ఎంతో సంతోషించి సంచిలోంచి చాక్లెట్ల పొట్లం తీశారు. "ఇందు పదిహేను చాక్లెట్లు గలవు" అని పొట్లం మీద ఉన్నది చదివి వినిపించారు. ఒక్కొక్కరికి ఒకటి చొప్పున పంచారు. మూడో తరగతి పిల్లలు మెడలు తిప్పి చూస్తూనే ఉన్నారు గాని, ఆ రోజు తనిఖీ వాళ్లది కాదు. ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు ఢిల్లీశ్వరి లేచి నిలబడింది.

ఢిల్లీశ్వరి మా రెండో తరగతి. ముందు పళ్లు రెండూ ఊడాయి. తండ్రి లేడు. తల్లి అప్పలనరసమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తుంది. ఈ పిల్లకి తెలిసింది నోట్లో ఆగదు. కడుపులో కంటే ముందు నోట్లోకి వస్తుంది.

"మీ జేబులో ఇంకా ఏడున్నాయి కదండి. మూడో తరగతోలికి కూడా ఇచ్చీండి" అంది.

"ఏడని నీకెటుల తెలిసినది?"

"పదేన్లో ఎనిమిది పోతే ఏడే కదండి మరి."

దండపాణి గారి ముఖంలో రంగు మారింది. వెళ్లి తలుపు వేశారు. కిటికీ కూడా వేయబోయారు గాని దానికి రెక్కలు లేవు. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు.

"మేస్టారూ, తీసివేత పదకొండవ వారపు పాఠము. ఇది ఆరవ వారము. తీసివేత లీకైనది. యావద్రాష్ట్రమున ఏ రెండవ తరగతికిని తెలియని విషయము మీ రెండవ తరగతికి తెలిసినది. దీని పర్యవసానము మీకు తెలియునా?"

నేను ఉన్న సంగతి చెప్పాను. ఆ పిల్ల వీపు వెనకే మూడో తరగతి కూర్చుంటుందనీ, వాళ్లకి పది రోజులుగా తీసివేతే చెబుతున్నాననీ, నా గొంతు కాస్త పెద్దదనీ, చెవిన పడి ఉంటుందనీ అన్నాను. ఆయన ఫైలు తెరిచారు.

"అసంభవము. రికార్డు ప్రకారము మీకు రెండు గదులు గలవు. రెండవ గది నిర్మాణము క్రిందటేడు పూర్తయి, ప్రారంభోత్సవము కూడా జరిగినది. రెండు గదుల నడుమ పది అంగుళముల గోడ గలదు. అంత గోడను ఛేదించుకొని తీసివేత ప్రయాణించజాలదు. కావున లీకు బయటినుండి జరిగినది."

నేను గోడ ఉండాల్సిన చోటుకేసి చూశాను. అక్కడ మూడో తరగతి పిల్ల ఒకర్తె కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటోంది.

మర్నాటి నుంచి విచారణ మొదలైంది. ముందుగా ఊళ్లో ఉన్న ఒకే ఒక జిరాక్స్ దుకాణం మూయించారు. ఆ మిషన్ నిరుడు వానలప్పుడే పాడైంది. అయినా సీలు వేశారు. తర్వాత అప్పలనరసమ్మను బడికి పిలిపించి రెండు గంటలు ప్రశ్నలు వేశారు. బయటికొచ్చి ఆమె నన్ను పట్టుకుంది. జీడిపిక్కల జిడ్డుకి వేళ్ల చివర్లు నల్లగా మాడి ఉన్నాయి.

"బాబూ, మా గుంట ఢిల్లీశ్వరి ఏటో పట్టుకొచ్చీసిందంట. తీసివేతంట. నాను ఇల్లంతా ఎతికినాను. గాదె కింద కూడా సూసినాను. ఎక్కడా కనపడ్నేదు. దొరికితే ఇచ్చీసీదాన్ని కదా బాబూ" అంది.

"అది ఇచ్చేస్తే పోయేది కాదమ్మా" అన్నాను.

"మరి డీబారంటన్నారు. అదేటి?"

చెప్పక తప్పలేదు. నేరం రుజువైతే రెండేళ్లపాటు ఆ పిల్ల ఏ బడిలోనూ ఏ పాఠమూ నేర్చుకోరాదు. అప్పలనరసమ్మ తన చేతుల కేసి చూసుకుంది.

"రెండేళ్లు ఇంట్లో ఉంటే ఇంకెక్కడి బడి బాబూ. నా పక్కన పీటేసుకుని పిక్కలొలవడానికి కూకుంటాది. ఒక్కసారి ఆ పీట మీద కూకున్న గుంట మరి లేవదు."

పక్కనే నిలబడ్డ ఢిల్లీశ్వరికి మాత్రం మరో అనుమానం వచ్చింది. "బళ్లో నేర్చుకోకూడదు గానీ, దార్లో నేర్చుకోవచ్చా మేస్టారూ?" అని అడిగింది. ఉత్తర్వులో ఆ విషయమై స్పష్టత లేదు.

ఇక తీసివేత మరింత మందికి పాకకుండా మండల ఆఫీసు నుంచి కట్టుదిట్టాలు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో రాబోయే వారాల పాఠాలన్నీ బాహాటంగా అచ్చువేసి ఉన్నాయని ఎవరో కనిపెట్టారు. వెంటనే పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆనాటి నుంచి వారం పాఠం లక్క సీలు వేసిన కవరులో పోలీస్ స్టేషన్లో ఉండేది. సోమవారం పొద్దున్నే కానిస్టేబుల్ గౌరునాయుడు దాన్ని మోటార్ సైకిల్ మీద తెచ్చేవాడు. ఇద్దరు సాక్షుల ఎదుట విప్పేవాళ్లం.

"రేత్రంతా తుపాకీ ఒళ్లో ఎట్టుకుని కాసినానండి. ఇందులో ఏటుందండి మేస్టారూ?" అని అడిగాడు మొదటి సోమవారం.

విప్పి చూశాను. "ఒకట్ల స్థానం, పదుల స్థానం."

"ఓలమ్మా" అన్నాడు గౌరునాయుడు గుండె మీద చెయ్యేసుకుని. "పదులు కూడానా."

రెండో ఉత్తర్వు హాజరు బోర్డు గురించి వచ్చింది. ప్రతి తరగతిలో బోర్డు మూల మొత్తం పిల్లలు ఎందరు, రానివారు ఎందరు, వచ్చినవారు ఎందరు అని రాస్తాం. 'ఇది పట్టపగలు బహిరంగముగా జరుగుచున్న తీసివేత' అని దండపాణి గారు గుర్తించారు. కాబట్టి పదకొండో వారం వచ్చేదాకా రెండో తరగతిలో ఎవరూ బడి మానకూడదు. ఒక పిల్లాడికి గవదబిళ్లలు లేచాయి. వాళ్ల నాన్న వాణ్ని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ తీసుకెళ్లేవాడు. వాడు వారమంతా నిద్రపోయాడు. హాజరు మాత్రం నిండుగా ఉంది.

మధ్యాహ్న భోజనంలో గుడ్లు పెట్టే రోజు మరో చిక్కొచ్చింది. అట్టలో గుడ్లు తగ్గుతూ పోవడం పిల్లలకి కళ్లెదుటే కనిపిస్తోంది. వంటామె అట్ట మీద తువ్వాలు కప్పి, చెయ్యి లోపలికి దూర్చి, గుడ్డు తడుముకుని తీసి వడ్డించేది. చివరికి పిల్లల చెవుల్లో పెట్టమని దూది పంపారు. బయట ఊళ్లో తిరుగుతున్న అనధికార జ్ఞానం లోపలికి పోకుండా ఉండటానికట. దూది పెట్టాక నేను చెప్పే పాఠం కూడా లోపలికి పోవడం మానేసింది. గట్టిగా అరిచి చెప్పాను. వీధిలో పోయేవాళ్లందరికీ పాఠం వినబడుతోందని మెమో ఇచ్చారు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. అది మూడో తరగతికి మాత్రమే వినబడేది. వాళ్లకి ఆ పాఠం అప్పటికే వచ్చు.

ఇన్ని జరుగుతున్నా ఢిల్లీశ్వరి మీద నేరం అలాగే ఉంది. అప్పలనరసమ్మ కూలి మానుకుని మండల ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. దండపాణి గారు కఠినాత్ములు కారు. పైగా తన మండలంలో లీకు జరిగిందని పైకి తెలిస్తే ఆయన ప్రమోషనుకీ ఇబ్బందే. బాగా ఆలోచించి దారి కనిపెట్టారు.

"లీకు జరిగినచో బాలిక దోషి. జరగనిచో నిర్దోషి. లీకు జరగలేదనుటకు ఒకే ఒక నిదర్శనము, బాలికకు తీసివేత రాకుండుట. కావున అజ్ఞాన నిర్ధారణ పరీక్ష జరుపబడును. పది ప్రశ్నలు. సున్నా వచ్చిన యెడల బాలిక ఉత్తీర్ణురాలు."

పరీక్షకి వారం గడువిచ్చారు. ఆ వారం మేమంతా ఢిల్లీశ్వరికి రాకపోవడం నేర్పాం. తీసివేత దానంతటదే వచ్చింది గాని, రాకపోవడం ఎంతకీ రాలేదు. "పదిలో మూడు పోతే?" అనడం ఆలస్యం, "ఏడు" అనేసి రెండు చేతులతో నోరు మూసుకునేది. ఇక లాభం లేదని మూడో తరగతి చిన్నంనాయుణ్ని గురువుగా పెట్టాను. వాడు అదే తరగతిలో రెండో ఏడు చదువుతున్నాడు. తెలియకపోవడంలో వాడికున్న అనుభవం మండలంలో ఎవరికీ లేదు.

"గబుక్కుని తెల్దనీకూడదు. తెలిసి అన్నట్టుంటాది" అని పాఠం మొదలెట్టాడు వాడు. "ముందు పైకి, కప్పుకాసి సూడాల. తరవాత బుర్ర గోక్కోవాల. గోక్కుని, గోక్కుని, అప్పుడు మెల్లగా అనాల."

"బుర్రలో జవాబు ఉండిపోతే?" అంది ఢిల్లీశ్వరి.

"ఉండనీ. దాని కాసి సూడకు. కప్పుకాసి సూడు."

పాపం, ఎంత కష్టపడిందో. ఏది కనబడినా దానికి లెక్క తోచేది. పిట్టగోడ మీద కాకులుండి రెండు ఎగిరిపోతే గట్టిగా కళ్లు మూసుకునేది. ఒకరోజు ఏడ్చింది కూడా. నాలుగో రోజు సాయంత్రం నేను "తొమ్మిదిలో ఐదు పోతే?" అన్నాను. కప్పుకేసి చూసింది. బుర్ర గోక్కుంది. "తెల్దండి" అంది మెల్లగా. తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. పిల్ల ముఖంలో ఏదో ఆరిపోయినట్టు కనిపించింది, ఆర్పిన చెయ్యి నాదే.

పరీక్ష ఘనంగా జరిగింది. హాల్ టికెట్ ఇచ్చారు. చెప్పులు బయట విప్పించారు. గౌరునాయుడు గుమ్మంలో కాపలా నిలబడ్డాడు. తొమ్మిది ప్రశ్నలకీ ఢిల్లీశ్వరి కప్పు చూసి, బుర్ర గోక్కుని, తెల్దండి అంది. పదో ప్రశ్నకి దండపాణి గారు నేరం జరిగిన తీరునే మళ్లీ నడిపించారు. కొత్త పొట్లం తీసి, పదిహేను అని చదివి, ఎనిమిది పంచి, మిగతావి జేబులో వేసుకున్నారు.

"నా జేబులో ఇప్పుడెన్ని గలవు?"

అప్పలనరసమ్మ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోంది. ఢిల్లీశ్వరి ఉబ్బిన ఆ జేబుకేసి చాలాసేపు చూసింది.

"మీ జేబులో ఏటీ నేవండి" అంది.

దండపాణి గారి కళ్లు చెమర్చాయి. "శుద్ధ అజ్ఞానము" అని ఫైలు మీద రాశారు. లీకు జరగలేదని తేలిపోయింది. డీబారు రద్దయింది. మూడు రోజుల తర్వాత సభ పెట్టి, సున్నా సాధించిన చిన్నారికి శాలువా కప్పారు. అది ఆ పిల్లని తల నుంచి కాళ్ల దాకా కప్పేసింది. ఆ ఉత్సాహంలో ఆ పరీక్షని మండలమంతా పెట్టారు. మా వాడికి రెండు మార్కులొచ్చేశాయని తల్లిదండ్రులు గొడవకొచ్చారు. పక్క టౌన్లో ఒక కోచింగ్ సెంటర్ వెలిసింది. నూటికి సున్నా గ్యారంటీ, మార్కులు వస్తే ఫీజు వాపసు ఉండదు అని బోర్డు పెట్టారు. బోర్డు రాసినవాడు కూడా అక్కడే చదివాడని విన్నాం.

ఇలా ఉండగా పదకొండో వారం వచ్చింది. గౌరునాయుడు కవరు తెచ్చాడు. సాక్షుల ఎదుట సీలు విప్పాను. తీసివేత. నాకు పండగలా అనిపించింది. బోర్డు మీద పదమూడు వేసి, దాని కింద నాలుగు వేసి, గీత గీశాను.

"చెప్పండర్రా. పదమూడులో నాలుగు పోతే?"

ఎనిమిది తలలు కప్పుకేసి లేచాయి. ఎనిమిది చేతులు బుర్రల మీదకి వెళ్లాయి. "తెల్దండి" అన్నారంతా. దుప్పట్లోంచి బయటపడ్డ పిల్లాడు కూడా అన్నాడు.

మంగళవారం చింతపిక్కలు పెట్టి చూపించాను. తెల్దండి. బుధవారం బతిమాలాను. తెల్దండి. గురువారం ఢిల్లీశ్వరిని దగ్గరికి పిలిచి, చెవుల్లో దూది తీసి, "అమ్మా, ఈ వారం తెలియొచ్చు. ఆర్డరు వచ్చింది. ఇదిగో సీలు" అని చూపించాను.

"ఇది కూడా పరీచ్చేనా మేస్టారూ?"

"కాదమ్మా."

"పరీచ్చప్పుడు కాదనే అంటారు కదండి" అంది. దూది నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ చెవుల్లో పెట్టుకుని, వెళ్లి కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలిసే మండింది. పళ్లూడిన నోట్లో మాట ఆగని పిల్లని, పక్కవాళ్లకి చాక్లెట్లు అడిగిన పిల్లని, మేమంతా కలిసి ఇలా చేశాం. శాలువా కప్పి మరీ చేశాం. శనివారం పొద్దున్నే చార్టు ముందు పెట్టుకుని, పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించాను.

'ఈ వారం మేం నేర్చుకున్నది: తెలిసినా తెలియదనడం.'

మధ్యాహ్నం దండపాణి గారు వచ్చారు. చార్టు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. సస్పెన్షన్ తప్పదని నేను ఇంట్లో చెప్పే వచ్చాను. ఆయన మాత్రం తలుపు వేసి, నాకు దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"మేస్టారూ, ఈ పాఠము మీ పిల్లలకు ఎటుల అందినది? ఇది మండల స్థాయి అధికారులకు, అదియు ప్రమోషను పిమ్మట, మూడు రోజుల రహస్య శిక్షణలో మాత్రమే బోధింపబడు అంశము. నేనే ఇరవై యేండ్ల సర్వీసు తరువాత నేర్చితిని. రెండవ తరగతికి పొక్కినదా? ఎవరు లీకు చేసిరి?"

ఆయన పిల్లల వైపు తిరిగారు. "చెప్పుడు. ఈ పాఠము మీకు నేర్పినదెవరు? పేరు చెప్పిన యెడల వారిపై కఠిన చర్య తీసుకొనబడును."

ఎనిమిది తలలూ కప్పుకేసి లేచాయి. ఎనిమిది చేతులూ బుర్రల మీదకి వెళ్లాయి. అందులో ఒక చెయ్యి మధ్యలో ఆగింది. ఢిల్లీశ్వరి నా ముఖం కేసి చూసింది, ఆయన ముఖం కేసి చూసింది. తల దించి, ఒక చెవిలో దూది తీసింది, రెండో చెవిలో దూది తీసింది.

"మీరేనండి" అంది.

దండపాణి గారు నెమ్మదిగా తల ఎత్తి కప్పుకేసి చూశారు. బుర్ర గోక్కోవడం మొదలుపెట్టారు.

"నాకు తెలియదు" అన్నారు మెల్లగా.

"బాగా అన్నారండి" అన్నాడు మూడో తరగతిలోంచి చిన్నంనాయుడు, మెచ్చుకుంటూ.

ఢిల్లీశ్వరి అప్పటికే బోర్డు దగ్గరికి వెళ్లిపోయింది. అందకపోతే మునివేళ్ల మీద లేచి, సోమవారం నుంచి జవాబు లేకుండా పడి ఉన్న లెక్క కింద తొమ్మిది వేసింది. వేసి, నా కేసి తిరిగి, "ఇంకోటి ఎయ్యండి మేస్టారూ" అంది.